రాజ్ రెడ్డి: మానవ-కంప్యూటర్ సంబంధాలలో కృషి

రాజ్ రెడ్డిగా ప్రసిద్ధుడైన దబ్బల రాజగోపాల్ రెడ్డి (జననం: 1937 జూన్ 13) కంప్యూటర్ శాస్త్రవేత్త. మనిషి మాటను కంప్యూటరు గుర్తించే విధానాలపై పరిశోధన చేసిన తొలితరం వారిలో ముఖ్యుడు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. ఆసియా సంతతివారిలో ఈ పురస్కారం పొందిన మొదటి వ్యక్తి ఈయనే.

'''బాల్యం, విద్య'''

ఈయన నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో జన్మించాడు. పెదపారుపూడికి సమీపాన, కృష్ణా జిల్లా ఉయ్యూరు మండలంలో ఉన్న కాటూరు వేరే గ్రామం. 1958లో మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాల నుండి సివిల్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. ఆస్ట్రేలియాలో ఉన్నత విద్య అభ్యసించి, అక్కడి ఐబీఎం సంస్థలో పనిచేశాడు. 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

'''మాటను గుర్తించే యంత్రం'''

మనిషి, కంప్యూటరు ఒకరికొకరు సమాచారం ఇచ్చిపుచ్చుకునే తీరును అధ్యయనం చేసే శాస్త్రమే మానవ-కంప్యూటర్ సంబంధాల శాస్త్రం. కంప్యూటరు వాడాలంటే మనిషి దాని భాషనూ, మీటలనూ నేర్చుకోవలసి వచ్చేది. మనిషికి సహజమైన మాటనే యంత్రం నేర్చుకుంటే ఆ శ్రమ తగ్గుతుంది.

అయితే ఇది సులభం కాదు. ధారాళంగా మాట్లాడేటప్పుడు పదాల మధ్య ఖాళీ ఉండదు. "వాడు ఎక్కడ" అన్నది నోటివెంట "వాడెక్కడ"గా వస్తుంది. ఒకే పదాన్ని ఇద్దరు ఒకేలా పలకరు. కనుక ధ్వనిని మాత్రమే నమ్ముకుంటే యంత్రం పొరబడుతుంది. 1970ల ఆరంభంలో రాజ్ రెడ్డి బృందం రూపొందించిన 'హియర్‌సే' చదరంగపు ఎత్తులను మాట ద్వారా స్వీకరించేది. ఆ సమయంలో బల్లపై ఏయే ఎత్తులు సాధ్యమో దానికి తెలుసు కనుక, వినబడినదానిని ఆ పరిధిలోనే ఊహించేది.

తరువాతి 'హియర్‌సే-2'లో ధ్వని, పదం, వ్యాకరణం మొదలైనవి తెలిసిన వేర్వేరు భాగాలు తమ ఊహలను ఒకే చోట నమోదు చేసేవి. నలుగురు పండితులు ఒకే నల్లబల్లపై వ్రాస్తూ, చెరుపుతూ సమస్యను సాధించినట్లు ఉండే ఈ పద్ధతికి 'నల్లబల్ల నమూనా' అనే పేరు వచ్చింది. 1976 నాటి 'హార్పీ' సుమారు 1,000 పదాలను గుర్తించగలిగింది.

రాజ్ రెడ్డి 1979లో రోబోటిక్స్ సంస్థకు వ్యవస్థాపక సంచాలకుడయ్యాడు. 1991 నుండి 1999 వరకు కంప్యూటర్ శాస్త్ర విభాగానికి డీన్‌గా ఉన్నాడు. ఆ కాలంలోనే, 1994లో, అక్కడ మానవ-కంప్యూటర్ సంబంధాల అధ్యయన సంస్థ ఏర్పడింది.

'''చదువురాని వారికి కంప్యూటరు'''

చదువురాని వారికి చవకబారు యంత్రం చాలునన్న అభిప్రాయాన్ని రాజ్ రెడ్డి అంగీకరించలేదు. అక్షరాలు చదవలేని వారికి మాట, బొమ్మ, దృశ్యం కావాలి. వీటికి అక్షరాలకంటే ఎక్కువ జ్ఞాపకశక్తి, ఎక్కువ వేగం అవసరం. కనుక విద్యావంతునికంటే నిరక్షరాస్యునికే శక్తిమంతమైన కంప్యూటరు కావాలని ఈయన వాదన. 2004లో ఈయన ప్రతిపాదించిన 'పీసీటీవీటీ' కంప్యూటరుగా, టెలివిజన్‌గా, టెలిఫోనుగా పనిచేసే పరికరం. టీవీ రిమోటుతోనే దానిని నడిపే వీలు కల్పించారు.

'''పుస్తకాలు, వెదకులాట'''

ఈయన ముందుండి నడిపిన 'పది లక్షల పుస్తకాల పథకం' క్రింద 2007 నాటికి 15 లక్షలకు పైగా పుస్తకాలు స్కాన్ అయ్యాయి. భారతదేశంలో ఇది 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా'గా సాగింది. అరుదైన తెలుగు గ్రంథాలెన్నో ఇందులో చేరాయి. అయితే వాటి పేర్లు ఆంగ్ల లిపిలో, పలు స్పెల్లింగులతో నమోదయ్యాయి. పుటలు బొమ్మల రూపంలో ఉండటం వల్ల లోపలి పదాలను వెదకడం సాధ్యపడలేదు. పుస్తకం ఉన్నా పాఠకునికి దొరకని స్థితి ఏర్పడింది. ఒక వెబ్‌సైటు విలువ అందులోని సంపదతోపాటు, దానిని చేరుకునే సౌలభ్యంపై కూడా ఆధారపడుతుందనడానికి ఇది ఉదాహరణ. ఆ సైటు మూతపడిన తరువాత కూడా వీటిలో అనేక పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి.

'''గుర్తింపు'''

ఫ్రాన్సు ప్రభుత్వం 1984లో లీజియన్ ఆఫ్ ఆనర్‌తో, భారత ప్రభుత్వం 2001లో పద్మభూషణ్‌తో రాజ్ రెడ్డిని సత్కరించాయి. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఈయన తొలి ఛాన్సలర్. దాని ప్రాంగణాలలో ఒకటి నాటి కృష్ణా జిల్లాలోని నూజివీడులో ఏర్పాటైంది.