కూలుతుందనుకున్న వంతెన

ప్రతి సంచికలోనూ షుగరు, బి.పి. గురించి వ్రాస్తున్నాము. ఈసారి ఒక పాత వంతెన సంగతి చెప్పనివ్వండి. తిరిగి తిరిగి అది ఆసుపత్రి దగ్గరకే వస్తుంది.

ఇంగ్లండు ఉత్తర భాగాన డర్హామ్ కౌంటీలో, స్టాన్లీ అనే ఊరి దగ్గర, లోతైన వాగు మీద కాజీ ఆర్చ్ అనే రాతి వంతెన ఉంది. 1725-26లో కట్టారు. నిలిచి ఉన్న రైలు వంతెనలలో అన్నిటికన్నా పాతదిగా దీనినే చెబుతారు. రైలంటే పొగబండి కాదండీ! ఆవిరి ఇంజను పట్టాలెక్కింది 1804లో. ఇక్కడ చెక్క పట్టాల మీద గుర్రపు బండ్లలో బొగ్గు వెళ్లేది. నిండు బండ్లకు ఒక దారి, ఖాళీ బండ్లకు ఇంకొకటి. రోజుకు 900కు పైగా బండ్లు దాటేవట.

మధ్యలో స్తంభమే లేదు. 100 అడుగులకు పైగా వెడల్పున ఒకే కమాను, సుమారు 80 అడుగుల ఎత్తు.

కట్టినది రాల్ఫ్ వుడ్ అనే రాతిపని మేస్త్రి. అంతకుముందు ఆయన కట్టిన కర్ర వంతెన కూలిపోయింది. ఇదీ కూలుతుందనే బెంగతో, పని పూర్తి కాకముందే ఆయన ప్రాణం తీసుకున్నాడని అక్కడివారు చెప్పుకుంటారు. వంతెన మాత్రం 300 ఏళ్లుగా నిలిచే ఉంది. బొగ్గు బండ్లు ఎప్పుడో ఆగిపోయాయి. మరమ్మతులయ్యాక ఇప్పుడు దాని మీద జనం నడుస్తున్నారు, పిల్లలను వెంటబెట్టుకుని.

కమానులో రాళ్లు ఒకదానినొకటి నొక్కుకుని బరువును రెండు గట్లలోకి దించుతాయి. ఈ సంగతి మేస్త్రికి తెలియదా? తెలిసినా భయం వదలలేదు. మన సంఘాలలో ఇలాంటివారిని చూసి "విశ్వాసం చాలదు" అనేస్తాము. ఆ మాట వారి మీద ఇంకొక బరువు. కాలు విరిగినవానిని అలా అంటామా?

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా డాక్టరుగారికి చెప్పండి. మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. ప్రార్థన మానమని ఎవరూ అనరు. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే తేలికగా తీసుకోవద్దు, ఒంటరిగా వదలవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రాత్రివేళయినా 14416 టెలీమానస్ నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఓ.పి.కి వచ్చేటప్పుడు ఇంట్లోవారు ఒకరు తోడు రండి.