దుర్యోధన వధ – కథాక్రీడకు కడపటి ఘట్టము

బల్లచుట్టు కూర్చుండి పాచికలతో, మాటలతో నడపు కథాక్రీడ యొకటి 1974లో అమెరికాలో వెలువడెను. దానిపేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. కర్తలు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఇందొకరు కథానిర్వాహకులు; తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరింతురు. నిర్వాహకుడు సన్నివేశమును వర్ణించును. ఆటగాడు తన పాత్ర యేమి చేయునో చెప్పును. ఫలము సందేహమైనచోట ఇరువది ముఖముల పాచిక తీర్పు చెప్పును. ఒకే కథ నెలల తరబడి సాగుటయు కలదు. అట్టి కథ తుదకొక నేలమాళిగలోనో గుహలోనో ప్రధానశత్రువుతో జరుగు పోరుతో ముగియుట పరిపాటి. ఆ కడపటి ఘట్టమును కూర్చుటయే నిర్వాహకునకు కఠినమైన పరీక్ష.

దీనికి మాదిరి దూరదేశమున వెదకనక్కరలేదు. కాట్టుపల్లి, తిరువళ్లూరు, తిరుత్తణి చేరియున్న ఉత్తర తమిళనాటను, దానినానుకొనిన చిత్తూరు సీమయందును ద్రౌపదీదేవి, ధర్మరాజుల ఆలయములకడ భారతోత్సవములు జరుగుచున్నవి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనిదే. ఎల్లలు మారినను వేడుక ఇరువైపుల నిలిచినది. పగలు భారత కథాకాలక్షేపము, రాత్రి వీధినాటకము. పలుచోట్ల ఇవి పదునెనిమిది దినములు సాగును. అర్జునుని తపస్సునాడు వేషధారి ఎత్తైన మాను నెక్కును. తుదకు బయలున మన్నుతో దుర్యోధనుని పెనురూపమును పరుండబెట్టుదురు. భీమవేషధారి గదతో దాని తొడపై మోదును; ద్రౌపది జుట్టు ముడుచుకొనును; పిమ్మట భక్తులు నిప్పులగుండము త్రొక్కుదురు. అమెరికా పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లోను, 1991లోను ప్రకటించిన రెండు సంపుటములు ఈ ద్రౌపదీ ఆరాధనను గూర్చినవే.

ఆ మట్టిబొమ్మ తిరిగి కొట్టదు. గెలుపెవరిదో చూచువారందరికి ముందే తెలియును. అయినను జనులు ఆ దెబ్బకై ఎదురుచూతురు. దీనికి కారణము ప్రతిజ్ఞ. తొడ విరుగగొట్టుదునని భీముడు జూదసభలోనే పలికెను. పగ తీరువరకు ద్రౌపది జుట్టు ముడువదను కథ జానపద సంప్రదాయమున ప్రసిద్ధము. భట్టనారాయణుని 'వేణీసంహార' నాటకమునకును అదియే మూలము. కావున అంత్యఘట్టమునకు బలము శత్రువు బలమువలన కలుగదు. మొదట చేసిన బాస తుద తీరుటవలన కలుగును. నిర్వాహకుడు ఆట మొదటినాడే ప్రతి పాత్రచేతను ఒక బాస చేయించి, దానిని వ్రాసి యుంచుకొనవలెను. కడపటినాడు ఆ బాసలకు సంబంధములేని రాక్షసుని తెచ్చి నిలిపినచో, వాడెంత బలవంతుడైనను ఆట చప్పబడును.

ఇక స్థలవిషయము. తిక్కన తెలుగుచేసిన పదునైదు పర్వములలోని శల్యపర్వమున దీనికి తగిన చోటు కలదు. సేనలన్నియు నశింపగా దుర్యోధనుడు ద్వైపాయనహ్రదమున నీటిని స్తంభింపజేసి దాగెను. నిర్వాహకుడు ఈ మడుగును మూడంచెల మాళిగగా కూర్పవచ్చును.

మొదటి అంచె వెదకుట. భారతమున ఈ దాగుడుచోటిని తెలిపినవారు భీమునకు మాంసము తెచ్చియిచ్చు వేటగాండ్రు. ఆటలోను, పూర్వమొకనాడు పరిచయమైన సామాన్యుని నోటనే జాడ తెలియవలెను. అప్పుడు గడచిన దినముల మంచిచెడ్డలకు ఫలము కనబడును.

రెండవది వెలికి రప్పించుట. ధర్మరాజు ఈ పనిని ఆయుధముతో కాక ఎత్తిపొడుపు మాటలతో సాధించెను. అంతటితో ఆగక, తమలో ఒక్కని గెలిచినను రాజ్యము నీదేయని పలికి, కృష్ణునిచేత మందలింపబడెను. ఇచ్చట పాచికకంటె ఆటగాని వాక్కునకే ఎక్కువ చోటీయవలెను. తొందరపడి పలికిన మాటకు వెలయు కట్టింపవలెను.

మూడవది ద్వంద్వయుద్ధము. నాభికి దిగువ కొట్టరాదని గదాయుద్ధనియమము. బాస తీరవలెనన్న నియమము తప్పవలెను. భీముడు తొడ విరుగగొట్టగా బలరాముడు నాగలి యెత్తి కోపించెను. ఈ తీర్మానమును పాచికకు గాని, నిర్వాహకునికి గాని విడువరాదు, ఆటగాడే చేయవలెను. ఏది యెన్నుకొన్నను దాని ఫలము పిమ్మట కనబడవలెను. భారతమున ఆ రాత్రియే అశ్వత్థామ నిద్రించుచున్న ఉపపాండవులను చంపెను.

ఒక జాగ్రత్త యవసరము. ద్రౌపదీధర్మరాజులు ఈ సీమలో పూజలందుకొను దేవతలు. వారినే ఆటపాత్రలు చేయుట పలువురికి నొప్పి కలిగించును. పేర్లు, ఊళ్లు కల్పించుకొని, బాస, మడుగు, నియమభంగము అను కథాశరీరమును మాత్రము గ్రహించుట మేలు.

ఇది కేవలము వినోదము కాదు. తమిళనాట 2006 నాటి చట్టము తమిళమును ఒకటవ తరగతినుండి పదవ తరగతివరకు క్రమముగా నిర్బంధము చేసెను. ఇంట తెలుగు మాటలాడు బాలురు పలువురు పాఠశాలలో దానిని చదువుటలేదు. అట్టివారికి భారతకథ చెప్పినంతమాత్రమున చాలదు, వారిచేత పలికింపవలెను. ఈ క్రీడలో మాటలాడనిదే ఒక్క అడుగు సాగదు. శపథము చేయుటకు, శత్రువు నెత్తిపొడుచుటకు, తాను చేసిన పనిని సమర్థించుకొనుటకు బాలుడు తెలుగుమాటలు తానే వెదకుకొనవలసివచ్చును. వీధినాటకము చూడబోని ఇంటిలోను ఈ యభ్యాసము ఒక బల్ల, నలుగురు పిల్లలు, కథ తెలిసిన ఒక పెద్ద ఉన్నచో సాగును.