ఒక్క మెతుకు చాలునా?

అన్నం ఉడికినదో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలంటారు. నమూనా సర్వేకు మూలసూత్రం ఇదే. అయితే కుండలోని బియ్యమంతా ఒకే రకమైనప్పుడే ఈ సూత్రం చెల్లుతుంది.

1591లో నిర్మితమైన చార్మినార్ చుట్టూ విస్తరించిన హైదరాబాదు పాతబస్తీ అటువంటి కుండ కాదు. బార్కస్‌లో యెమెన్ దేశపు హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బు సైనికుల సంతతివారున్నారు. ఇతర వాడలలో ఉర్దూ, తెలుగు, మరాఠీ మాట్లాడే కుటుంబాలున్నాయి. ఇక్కడ ఒక జన్యుభేదానికీ మధుమేహానికీ సంబంధమున్నదేమో పరిశీలింపదలచారనుకొందాం. ఎవరి రక్తాన్ని పరీక్షించాలి?

ముందుగా ప్రాంతాన్ని స్తరాలుగా విభజిస్తారు. ప్రతి స్తరంలో కొన్ని వీధులను, వీధికి కొన్ని ఇండ్లను చీట్లు వేసినట్లు ఎన్నుకొంటారు. దీనిని సంక్లిష్ట నమూనా సర్వే అంటారు. అమెరికాలో 1991–94 నడుమ జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వేలో ఈ విధంగా ఎంపికైన వారి నుండి డి.ఎన్.ఏ. సేకరించారు.

ఇందులో మూడు చిక్కులున్నాయి. మొదటిది, ఎంపికయ్యే అవకాశం అందరికీ సమానం కాదు. నూరుమందిలో ఒకరిని తీసిన చోట ఆ ఒక్కరు నూరుగురికి ప్రతినిధి; వేయిమందిలో ఒకరిని తీసిన చోట వేయిమందికి ప్రతినిధి. లెక్కలో వారికి ఆ మేరకు భారం ఇవ్వాలి. ఈ పద్ధతికి 1952లో హార్విట్జ్, థాంప్సన్‌లు గణితరూపం కల్పించారు.

రెండవది, ఒకే వీధివారు తరచుగా బంధువులై ఉంటారు. పదిమంది అన్నదమ్ముల సాక్ష్యం పది వేర్వేరు సాక్ష్యాలు కాదు. ఈ సంగతి విస్మరిస్తే సందేహం ఉండవలసిన చోట నిశ్చయం కనబడుతుంది.

మూడవది వంశమూలం. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీ పరిశోధకులతో కలిసి 25 సముదాయాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మన దేశంలో అనేక సముదాయాలు కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించి, తరతరాలుగా తమలో తామే వియ్యమందుకొన్నాయని అందులో తేలింది. అందుచేత ఒక జన్యుభేదం ఒక సముదాయంలో అధికంగా ఉండవచ్చు. ఆహారం వల్లనో పేదరికం వల్లనో అదే సముదాయంలో మధుమేహమూ అధికమైతే, నిర్దోషియైన జన్యువు దోషిగా కనబడుతుంది. కనుక వంశమూలం ఒకటిగా ఉన్నవారిలోనే రోగులను, ఆరోగ్యవంతులను పోల్చి చూడాలి.

ఈ లెక్క తప్పితే నష్టం కాగితానికి కాదు. ఒక కుటుంబం తన రక్తంలోనే దోషమున్నదని కుమిలిపోతుంది. అసలు కారణం చికిత్సకు అందకుండా మిగిలిపోతుంది. మెతుకు పట్టి చూసేవారు అది ఏ కుండలోనిదో ముందుగా ఎరిగి ఉండాలి.