గర్భవతుల రక్తపోటు వెనుక సీసం నీడ

ప్రతి నెల 9వ తేదీన దేశమంతటా ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచితంగా పరీక్షలు జరిపే కార్యక్రమాన్ని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2016లో ఆరంభించింది. ఆనాడు రక్తపోటు కొలుస్తారు. మూత్రంలో అల్బుమిన్ ఉన్నదేమో చూస్తారు. రక్తహీనతను పసిగడతారు. రక్తంలో సీసం ఎంత పేరుకున్నదో మాత్రం చూడరు. ఆ పరీక్ష నిత్యపరీక్షల జాబితాలోనే లేదు. గర్భిణుల రక్తపోటుకూ సీసానికీ గల సంబంధాన్ని వైద్యశాస్త్రం నానాటికీ స్పష్టంగా గుర్తిస్తున్న ఈ కాలంలో ఈ లోపం ఉపేక్షించదగినది కాదు.

గర్భం ధరించిన 20 వారాల తర్వాత రక్తపోటు 140/90 అంతకు మించి పెరగడం, దానితోపాటు మూత్రంలో మాంసకృత్తులు పోవడం ఈ వ్యాధి ప్రధాన లక్షణాలు. ముదిరితే మూర్ఛలు వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతమని భయపడినది దీనికే. ప్రపంచంలో తల్లుల మరణాలకు రక్తస్రావం తర్వాత ముఖ్య కారణం ఇదే. మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే మూర్ఛల ముప్పు సగానికి తగ్గుతుందని 33 దేశాలలో దాదాపు పదివేల మంది స్త్రీలపై జరిపిన పరీక్ష 2002లో నిరూపించింది. చికిత్స ఇంతగా తెలిసినా, వ్యాధి ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు పూర్తి సమాధానం నేటికీ లేదు. మాయ సరిగా నాటుకోకపోవడం, రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం అందులో భాగాలన్నంత వరకు వైద్యులలో ఏకీభావం ఉన్నది.

సీసం కొట్టేది సరిగ్గా ఆ పొరనే. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను అది తగ్గిస్తుంది, బిగించే పదార్థాలను పెంచుతుంది. రక్తంలో సీసం డెసీలీటరుకు ఒక్క మైక్రోగ్రాము పెరిగితే ఈ వ్యాధి వచ్చే అవకాశం సుమారు 1.6 శాతం పెరుగుతున్నదని, అనేక అధ్యయనాలను క్రోడీకరించిన ఒక సమీక్ష 2018లో తేల్చింది. పొగాకు పొగ ద్వారా ఒంట చేరి మాయలో పేరుకునే కాడ్మియం మీద కూడా ఇటువంటి అనుమానమే ఉన్నది.

అయితే సీసం కథలో చిత్రమైన మలుపు ఒకటున్నది. పెద్దవారి ఒంటిలోని సీసంలో 90 శాతానికి పైగా ఎముకలలో దాగి ఉంటుంది, దశాబ్దాల తరబడి కదలదు. గర్భస్థ శిశువు కోసం తల్లి ఎముకల నుండి సున్నం కరిగినప్పుడు దానితోపాటే సీసమూ రక్తంలోకి దిగుతుంది, మాయను దాటి శిశువునూ చేరుతుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు విక్రయం 2000లో ఆగింది. ఢిల్లీలో అంతకు రెండేళ్లు ముందే, 1998లో, ఆగింది. అప్పుడు ఈ నగర వీధులలో ఆడుకొన్న బాలికలు ఇప్పుడు తల్లులు. పొగ పోయింది గాని, వారి ఎముకలు దానిని ఇంకా మరచి ఉండవు.

పసుపు మాటేమిటి?

ఇక ఇప్పటికీ ఒంట చేరుతున్న సీసం సంగతి. బంగ్లాదేశ్ గ్రామాలలో 430 మంది గర్భవతుల రక్తాన్ని పరీక్షించగా 31 శాతం మందిలో డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి కనబడింది. అక్కడ పెట్రోలు లేదు, కర్మాగారాలు లేవు. కారణం వంటింట దొరికింది. పసుపు కొమ్ములకు మెరుగు పెట్టేటప్పుడు పచ్చని రంగు కోసం సీసపు క్రోమేట్ కలిపేవారు. 1980లలో వరదలకు తడిసి వన్నె తగ్గిన సరుకుకు మెరుగు పెట్టబోయి మొదలైన అలవాటట! 2019లో ఈ సంగతి బయటపడగానే అక్కడి ఆహార భద్రతా అధికారులు టోకు బజారులపై దాడులు జరిపి, జరిమానాలు వేసి, ఆ వార్తను దేశమంతా చాటించారు. ఆ ఏడు పరీక్షించిన పసుపులో 47 శాతం కల్తీ కాగా 2021 నాటికి అది సున్నాకు దిగింది. పేద దేశాలకు ఇటువంటివి సాధ్యం కావనేవారు గమనించవలసిన సంగతి. మన వైపున పాట్నాలో, పాకిస్తాన్‌లో కరాచీ, పెషావర్‌లలో తీసిన నమూనాలలో సీసం చాలా హెచ్చుగా ఉన్నదని 2024లో వెల్లడైంది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ఏర్పడింది. ఎగుమతులతోపాటు ఈ మెరుగు వ్యవహారాన్ని కూడా ఆ బోర్డు చేపడితే దుగ్గిరాల, నిజామాబాద్ రైతుల పేరుకే గౌరవం.

పసుపు పక్కనే సిందూరం. అమెరికాలోని న్యూజెర్సీ దుకాణాలలోనూ, ముంబయి, ఢిల్లీలలోనూ కొన్న 118 నమూనాలను 2017లో పరీక్షిస్తే సుమారు మూడింట ఒక వంతు అమెరికా ప్రమాణాలను మించాయి. భస్మాల ముచ్చట మరీ విషాదకరం. 2011-12లో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ సీసపు విషంతో ఉన్న ఆరుగురు గర్భవతులను గుర్తించింది. ఆరుగురూ భారతదేశం నుండి వచ్చిన ఆయుర్వేద మాత్రలు వాడినవారే. రసశాస్త్రంలో నాగమంటే సీసమే. నాగభస్మం ఆ శాస్త్రానికి కొత్తది కాదు. శుద్ధి చేశామన్న మాటను నమ్మి గర్భవతి మింగడమే ప్రమాదం.

వీటన్నిటినీ మించినది పాత బ్యాటరీల వ్యాపారం. ప్రపంచంలో వాడే సీసంలో అధికభాగం బ్యాటరీలకే పోతుంది. రాజధాని వీధులలో తిరిగే ఇ-రిక్షాలలో చాలా వాటికి, ఇళ్లలోని ఇన్వర్టర్లకూ అవే ఆధారం. అరిగిన బ్యాటరీని అనుమతి ఉన్నవారికే అప్పగించాలని 2001లో ఒకసారి, 2022లో మరొకసారి నిబంధనలు వచ్చాయి. అనుమతి లేని కొలిమి ఎక్కువ ధర పెడుతున్నంత కాలం తుక్కు అటే నడుస్తుంది. కొలిమి బూడిద కార్మికుని బట్టలకు అంటి ఇంటికి వెళ్తుంది. ఆ బట్టలు ఉతికేది ఎవరో చెప్పనక్కరలేదు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛపోయినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. తరువాతి పరిశోధనలు పురుగుమందుల వైపు చూపాయి. అసలు కారణం ఏదైనా, సీసం లెక్క తేలడానికి నమూనాలు రాజధాని దాకా రావలసివచ్చింది.

డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే సీసం వచ్చే మార్గాన్ని వెదికి మూయాలనీ, ఆహారంలో సున్నం తక్కువైన గర్భవతికి కాల్షియం ఇవ్వాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మెక్సికో నగరంలో రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకొన్న గర్భవతులలో రక్తంలోని సీసం సగటున 11 శాతం తగ్గింది. మన ఆరోగ్యశాఖ 2014 నాటి మార్గదర్శకాల ప్రకారం 14వ వారం నుండి కాన్పయిన ఆరు నెలల వరకు రోజుకు రెండు కాల్షియం బిళ్లలు ఉచితంగా ఇవ్వాలి. వాటిని ఇనుము బిళ్లతో కలిపి ఒకే పూట మింగరాదని కూడా ఆ మార్గదర్శకాలలోనే ఉన్నది. ఈ మాటను ఊరి గర్భవతికి ఏ.ఎన్.ఎం. చెప్పాలి.