రిజిస్ట్రేషన్ అయింది... మరి లెక్కలో?

సేవ చేయాలన్న మనసుంటే చాలదు. ఆ సేవ కోసం నలుగురూ ఇచ్చిన డబ్బుకు కాగితం మీద లెక్కుండాలి. లేదంటే చందాలతో కట్టిన బడి మీదా, కొన్న అంబులెన్సు మీదా పన్ను కట్టాల్సిన రోజు రావచ్చు. స్వచ్ఛంద సంఘాలు నడిపేవాళ్లే కాదు, వాటికి విరాళాలిచ్చేవాళ్లూ తెలుసుకోవాల్సిన సంగతులివి.

మంచిర్యాల చుట్టుపక్కల శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి... ఏ గనుల కాలనీకి వెళ్లినా ఏదో ఒక సంఘం బోర్డు కనిపిస్తుంది. కాలనీ సంక్షేమ సంఘం, యువజన సంఘం, కుల సంఘం, రక్తదాతల బృందం, పేదపిల్లల్ని చదివించే సమితి. సింగరేణి సంస్థ తన పాఠశాలల్ని నడిపేదీ ఓ సొసైటీ ద్వారానే. బోర్డు మీద సంఘం పేరు కింద చిన్న అక్షరాలతో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. చాలామంది దృష్టిలో ఆ నంబరు వచ్చిందంటే పని అయిపోయినట్టే. నిజానికి అక్కడే మొదలవుతుంది.

ఏడుగురు కలిస్తే...

నిజాం పాలనలో ఉన్నప్పుడు ఈ ప్రాంతంలోని సంఘాలు 1350 ఫస్లీ చట్టం కింద నమోదయ్యేవి. అంటే మన లెక్కలో 1940-41 నాటి చట్టం. కోస్తా, రాయలసీమల్లో 1860 నాటి బ్రిటిష్ చట్టం అమల్లో ఉండేది. రెండింటి స్థానంలో ఉమ్మడి రాష్ట్రం 2001లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడా అదే కొనసాగుతోంది. కనీసం ఏడుగురు సభ్యులు, సంఘం ఆశయాలు చెప్పే పత్రం, నడవడికను నిర్దేశించే బైలా ఉంటే సొసైటీ పుడుతుంది.

పుట్టిన బిడ్డను ఏటా చూసుకోవాలి కదా. సంఘమూ అంతే. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం జరపాలి. ఆ తర్వాత పదిహేను రోజుల్లోగా కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. సభ్యుల రిజిస్టరు, మినిట్స్ పుస్తకం, జమాఖర్చుల పుస్తకాలు రాసుకోవాలి. ఆశయాలు మార్చాలంటే అధ్యక్షుడు, కార్యదర్శి అనుకుంటే సరిపోదు. సభ్యుల ప్రత్యేక తీర్మానం కావాలి.

ఈ జాబితా విలువ అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు తెలీదు. సంఘంలో చీలిక వచ్చి రెండు వర్గాలూ 'మేమే అసలు కార్యవర్గం' అన్నప్పుడు తెలుస్తుంది. చెక్కుల మీద ఎవరి సంతకం చెల్లుతుందని బ్యాంకు అడుగుతుంది. ఏళ్ల తరబడి జాబితా ఇవ్వని సంఘం దగ్గర చూపడానికి ఏమీ ఉండదు. ఇలాంటి తగాదాలను మధ్యవర్తిత్వంతోనో, జిల్లా కోర్టులోనో తేల్చుకోవాలంటుంది 2001 చట్టం. మంచిర్యాలకు సొంత జిల్లా కోర్టు 2022లో వచ్చింది.

ఇంకో చిక్కు ఇక్కడి పాత సంఘాలది. వాటి ధ్రువపత్రాల మీద 'ఆదిలాబాద్ జిల్లా, ఆంధ్రప్రదేశ్' అని ఉంటుంది. 2014 జూన్ 2న రాష్ట్రం, 2016 అక్టోబరు 11న జిల్లా మారాయి. అంతమాత్రాన సంఘం రద్దయిపోదు. కానీ రిజిస్ట్రార్ దగ్గర ఒక చిరునామా, పాన్ కార్డు మీద మరొకటి, బ్యాంకులో ఇంకొకటి ఉంటే నోటీసు ఎక్కడికో పోతుంది. గడువు మాత్రం ఆగదు.

మినహాయింపు దానంతటదే రాదు

'మాది లాభం కోసం పెట్టింది కాదు, మాకు పన్నేంటి?' చాలామంది కార్యదర్శుల మాట ఇది. సొసైటీగా నమోదు కావడం వేరు, ఆదాయపన్ను మినహాయింపు పొందడం వేరు. రెండోదానికి ఆదాయపన్ను శాఖ దగ్గర విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఒకప్పుడు ఈ నమోదు ఒకసారి వస్తే శాశ్వతం. 2021 ఏప్రిల్ 1 నుంచి పద్ధతి మారింది. పాత సంఘాలన్నీ మళ్లీ నమోదు కావాల్సి వచ్చింది. కొత్తవాటికి మొదట మూడేళ్లకు తాత్కాలిక నమోదు, తర్వాత అయిదేళ్లకోసారి పొడిగింపు. అప్పుడు వెంటనే మళ్లీ నమోదైన పాత సంఘాలకు గడువు 2026 మార్చి 31గా పడింది. ఆరు నెలల ముందే, అంటే 2025 సెప్టెంబరు 30లోగా పొడిగింపు అడగాలన్నది నిబంధన. చిన్న సంఘాలకు కొంత ఊరట దక్కింది. ఏటా ఆదాయం అయిదు కోట్ల రూపాయలు దాటనివాటికి పదేళ్ల నమోదు ఇచ్చేలా 2025లో సవరణ చేశారు. 1961 నాటి ఆదాయపన్ను చట్టం స్థానంలో 2025లో చేసిన కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లు మారినా బాధ్యతలు పోలేదు.

నమోదయ్యాక ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతం ఆశయాల కోసమే ఖర్చుపెట్టాలి. మిగతా 15 శాతం దాచుకోవచ్చు. భవనం కట్టాలనో, వాహనం కొనాలనో అంతకుమించి కూడబెట్టాలంటే ఆ కారణాన్ని ముందుగా శాఖకు తెలపాలి. దానికి అయిదేళ్లు గడువు. సంఘం సొమ్ముతో వ్యవస్థాపకులకో, వాళ్ల బంధువులకో లాభం చేకూరితే మినహాయింపుకే ఎసరు. ఆదాయం పన్నులేని పరిమితి దాటితే ఆడిట్ తప్పదు. పేరూ ఊరూ లేని విరాళాల సంగతీ చూసుకోవాలి. మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని మించిన గుప్తదానం మీద 30 శాతం పన్ను పడుతుంది. పూర్తిగా మతపరమైన సంస్థలకు మాత్రం ఈ నిబంధన వర్తించదు.

కట్టిన బడే కరిగిపోతే?

గడువు మరిచిపోతే ఏమవుతుంది? ఆ ఏడాది ఆదాయం మీద పన్ను కడితే సరిపోతుందనుకుంటారు. కాదు. 2016 జూన్ 1 నుంచి మరో నిబంధన వచ్చింది. నమోదు కోల్పోయిన సంఘం ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేసి, మిగిలినదాని మీద గరిష్ఠ రేటులో పన్ను వేస్తారు. సమయానికి పొడిగింపు అడగని సంఘాలనూ 2023లో దీని కిందికి తెచ్చారు.

ఉదాహరణకు ఓ సంఘానికి 50 లక్షల విలువైన బడి భవనం ఉందనుకుందాం. అప్పు 10 లక్షలు. మిగిలిన 40 లక్షల మీద 30 శాతమే అనుకున్నా పన్ను 12 లక్షలు. ఖాతాలో అంత డబ్బుండదు. అమ్ముదామంటే ఉన్నది ఆ భవనమే. ఓ దరఖాస్తు మరిచినందుకు పిల్లల బడి పోయే పరిస్థితి. ఆలస్యానికి సరైన కారణం చూపితే మన్నించే అధికారాన్ని 2024 అక్టోబరు నుంచి కమిషనర్లకు ఇచ్చారు. అయితే అది అధికారి విచక్షణే కానీ సంఘం హక్కు కాదు.

మన దగ్గరి నుంచి వెళ్లిన కేసే

ఆశయాల పత్రంలో ఒక్కో మాటకూ ఎంత బరువుందో తెలుసుకోవాలంటే న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసు చూడాలి. విద్యాసంస్థలకిచ్చే పన్ను మినహాయింపు కోసం ఆ సొసైటీతో పాటు మరికొన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లాయి. అక్కడ చుక్కెదురైంది. సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ యు.యు.లలిత్, జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ పి.ఎస్.నరసింహల ధర్మాసనం 2022 అక్టోబరు 19న తీర్పిచ్చింది. 'కేవలం విద్య కోసం' అంటే అర్థం కేవలం విద్య కోసమేనని, ఆశయాల్లో వేరేవి ఉంటే ఆ మినహాయింపు రాదని తేల్చిచెప్పింది. చదువు చెప్పే క్రమంలో కొంత మిగులు రావడం తప్పు కాదు, లాభమే ధ్యేయం కాకూడదంది. ధర్మాదాయ సంస్థల నమోదుకు రాష్ట్రంలో 1987 నాటి దేవాదాయ చట్టం ఉంది. అలాంటి స్థానిక చట్టం కింద నమోదు అవసరమైతే దాన్ని పాటించారా లేదా అన్నదీ చూడాలంది. చాలాకాలంగా ఉన్న అవగాహనను మార్చే తీర్పు కాబట్టి ఇకముందు కేసులకే వర్తిస్తుందని కూడా చెప్పింది. 'ఎందుకైనా మంచిది' అని ఆశయాల పత్రంలో పాతిక సంగతులు రాయించుకునే విద్యా సొసైటీలకు ఇదో హెచ్చరిక.

గల్ఫ్ నుంచి చందా వస్తే

ఉత్తర తెలంగాణలో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. గుడికో, బడికో వాళ్లు పంపే డబ్బు విదేశీ విరాళమేనా? కాదు. పంపింది భారత పౌరుడై, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి డాక్టరు పంపితే మాత్రం విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద కేంద్ర హోంశాఖ నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఇంటిపేరు మనదే కదా అని తీసుకుంటే చట్టం ఒప్పుకోదు.

ఇచ్చేవాళ్లూ అడగాలి

విరాళమిచ్చేవాళ్లకీ ఇందులో పనుంది. 80జీ కింద ఆమోదం ఉన్న సంఘానికిస్తే, పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు సాధారణంగా సగం మొత్తానికి మినహాయింపు వస్తుంది. కొత్త విధానంలో అది లేదు. నగదైతే రెండు వేలకు మించి ఇస్తే లెక్కలోకి రాదు. పైగా 2021-22 నుంచి దాతల వివరాలతో సంఘం ఏటా ఆన్‌లైన్‌లో స్టేట్‌మెంటు ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. అందులో మీ పేరు లేకపోతే చేతిలో రసీదున్నా ప్రయోజనం ఉండదు.

అందుకే చందా అడగడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు వేయండి. సర్వసభ్య సమావేశం చివరిసారి ఎప్పుడు జరిగింది? కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇచ్చారా? పన్ను నమోదు గడువు ఎప్పటివరకు? కిందటేడు ఆడిట్ నివేదిక చూపిస్తారా? నిజాయతీగా పనిచేసేవాళ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. లెక్కలు ఇంకా రాయించుకోనివాళ్లయితే, మీ చందాలో కొంత మంచి ఆడిటరుకు ఖర్చుపెట్టమని చెప్పండి. అదీ సేవలో భాగమే.