పామ్‌లో దాగిన పాము

అమీర్‌పేటలో రాత్రి పదకొండు దాటినా హాస్టల్ గదుల్లో ల్యాప్‌టాప్‌లు వెలుగుతూనే ఉంటాయి. వాటిలో ఏ గదిలోనైనా ఈ దృశ్యం కనిపించవచ్చు. ఫుల్‌స్టాక్ జావా కోర్సులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పాత ప్రాజెక్టును తన ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుంది. జావా 17 వేసుకుంది, మేవెన్ కూడా ఉంది. కమాండ్ కొట్టి, నాలుగు గుక్కలు నీళ్లు తాగి చూసేసరికి తెర నిండా ఎర్ర అక్షరాలు. ‘సోర్స్ ఆప్షన్ 5 ఈజ్ నో లాంగర్ సపోర్టెడ్. యూజ్ 7 ఆర్ లేటర్.’

“అక్కా, నేనెక్కడా 5 అని రాయలేదు. ఫైలంతా వెతికాను.”

“రాయలేదు కాబట్టే వచ్చింది,” అంటుంది పక్క మంచం మీది అక్క, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

ఈ జవాబు వేళాకోళంలా వినిపిస్తుంది కానీ, జావా ప్రాజెక్టుల్లో బిల్డ్ చెడిపోయే తీరు చాలావరకు అందులోనే ఉంది. రాసిన కోడ్‌లో తప్పుంటే కంపైలర్ లైను నంబరుతో సహా చూపిస్తుంది. మనిషిని రాత్రంతా కూర్చోబెట్టేవి ఎవరూ రాయకుండా వచ్చి చేరిన అంకెలు, ఎవరూ పిలవకుండా వచ్చిన లైబ్రరీలు.

అసలు బిల్డ్ అంటే ఏమిటి? జావాలో రాసిన వందలాది ఫైళ్లను కంపైల్ చేయాలి. వాటికి కావలసిన ఇతరుల లైబ్రరీలను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి. టెస్టులు నడపాలి. అంతా కలిపి జార్ అనే ఒక్క మూటగా కట్టాలి. జార్ అంటే పేరు మార్చుకున్న జిప్ ఫైలే. ఇవన్నీ చేత్తో చేయలేక మనుషులు యంత్రానికి అప్పజెప్పారు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్ ఈ దారిలో పెద్దన్న. అందులో ట్యాబ్ ఉండాల్సిన చోట స్పేస్ పడితే చాలు, పని ఆగిపోయేది. కంటికి రెండూ ఖాళీగానే కనిపిస్తాయి. ఆ చిరాకు భరించలేక, సన్ మైక్రోసిస్టమ్స్‌లో టామ్‌క్యాట్ సర్వర్ మీద పనిచేస్తున్న జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ జావా కోసం యాంట్‌ను తయారుచేశాడు. 2000లో అది విడిగా విడుదలైంది. యాంట్‌లో మాత్రం ప్రతి అడుగూ విడమరిచి రాయాల్సి వచ్చేది.

2004లో తొలి వెర్షన్‌గా వచ్చిన మేవెన్ ఆ పద్ధతిని తిరగేసింది. ఆ పేరు యిడ్డిష్ భాషలోది, బాగా తెలిసినవాడు అని అర్థం. పేరుకు తగ్గట్టే, అందరూ చేసే పని ఎలా చేయాలో దానికి ముందే తెలుసు. ప్రాజెక్టు పేరేమిటో, ఏయే లైబ్రరీలు కావాలో పామ్ అనే ఫైల్లో రాస్తే చాలు. మిగిలింది అదే నింపుకుంటుంది. ప్రతి పామ్‌కూ వెనక సూపర్ పామ్ అనే పెద్ద ఫైలు ఒకటి ఉంటుంది. ఎవరూ దాన్ని పిలవక్కర్లేదు, అందరికీ అది తండ్రే. పది లైన్ల పామ్ పనిచేస్తోందంటే ఆ పుణ్యం అక్కడిదే. పాము కూడా ఇలా రాయకుండా వచ్చిన విలువల్లోనే ఉందని తెలిసేది తర్వాత.

హాస్టల్ అమ్మాయి తెర మీది 5 ఇప్పుడు అర్థమవుతుంది. మేవెన్‌లో ప్రతి పనికీ ఒక ప్లగిన్ ఉంటుంది. కంపైల్ చేసేది కంపైలర్ ప్లగిన్. ఏ వెర్షన్ వాడాలో పామ్‌లో రాయకపోతే, మేవెన్ 3.8 వరకు అది తనంతట తానే 3.1ని తెచ్చుకునేది. ఆ 3.1కి ఏ జావాకు కంపైల్ చేయాలో చెప్పకపోతే, 2004 నాటి జావా 5 అనుకునేది. జావా 8 ఉన్న రోజుల్లో ఇది ఒక హెచ్చరికతో పోయింది. జావా 17 కంపైలర్ మాత్రం 5నీ 6నీ వదిలేసి చాలాకాలమైంది. అందుకే ఆ మొండి జవాబు. పామ్‌లో ప్రాపర్టీస్ కింద కంపైలర్ రిలీజ్ 17 అని ఒక లైను, దాన్ని అర్థం చేసుకునే కొత్త ప్లగిన్ వెర్షన్ ఇంకో లైను రాస్తే చికిత్స అయిపోతుంది. మేవెన్ 3.9 నుంచి ఈ డిఫాల్ట్‌లు మారాయి. కోచింగ్ సెంటర్ల ల్యాబుల్లో, పాత సర్వర్లలో పాత మేవెన్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

ఎర్ర అక్షరాలు కనిపించడం నయం. పచ్చ అక్షరాలతో వచ్చే జబ్బు ఇంకొకటి ఉంది. అదే పాత మేవెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్ డిఫాల్ట్ వెర్షన్ 2.12.4. జేయూనిట్ 5తో రాసిన టెస్టులను గుర్తుపట్టాలంటే ష్యూర్‌ఫైర్ కనీసం 2.22.0 ఉండాలి. పామ్‌లో ఆ లైను లేకపోతే మేవెన్ టెస్టులను వెతుకుతుంది, ఒక్కటీ కనపడదు, అయినా ‘బిల్డ్ సక్సెస్’ అని చెప్పి ముగిస్తుంది. నలభై టెస్టులు రాసినవాడు ఆ రెండు మాటలు చూసి నిశ్చింతగా నిద్రపోతాడు. కాస్త పైకి జరిపి చూస్తే, నడిచిన టెస్టులు సున్నా. ఆగిపోయే బిల్డ్ కన్నా ఇలా నవ్వుతూ ముగిసే బిల్డే ప్రమాదకరం. పచ్చ రంగు చూసిన చోట టెస్టుల అంకె కూడా చదవడం జావావాళ్లు అలవాటు చేసుకోవాల్సిన పని.

ఇక లైబ్రరీల సంగతి. పెళ్లికి ఒకరిని పిలిస్తే ఇంటిల్లిపాదీ వస్తారు. ఆ ఇంటికి ఆ రోజు చుట్టాలొచ్చి ఉంటే వాళ్లూ వస్తారు. డిపెండెన్సీలూ అంతే. పామ్‌లో ఒక్క లైబ్రరీ పేరు రాస్తే, దానికి కావలసిన ఐదు, ఆ ఐదింటికి కావలసిన ఇరవై బండి దిగుతాయి. పిలవని పేరంటానికి వచ్చిన ఈ లైబ్రరీలను ట్రాన్సిటివ్ డిపెండెన్సీలు అంటారు. గొడవంతా ఎక్కడంటే, ఇద్దరు చుట్టాలు ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లను వెంటబెట్టుకొచ్చినప్పుడు. ప్రోగ్రాములోకి ఒక్కటే వెళ్లాలి. ఏది?

మేవెన్ దగ్గరి చుట్టం మాట వింటుంది. పామ్ నుంచి ఎన్ని మెట్ల దూరంలో ఉందో లెక్కపెట్టి, దగ్గరగా ఉన్న వెర్షన్‌నే తీసుకుంటుంది. దూరం సమానమైతే పామ్‌లో ముందు రాసినదాని వైపు మొగ్గుతుంది. వెర్షన్ కొత్తదా పాతదా అన్నది దానికి పట్టదు. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్లు ఎక్కువగా వాడే గ్రేడిల్ మాత్రం మామూలుగా పెద్ద అంకెకే ఓటేస్తుంది. ఒకే ప్రాజెక్టును మేవెన్ నుంచి గ్రేడిల్‌కు మారిస్తే, కోడ్‌లో అక్షరం మారకపోయినా లోపలికి వెళ్లే జార్‌లు మారిపోవడానికి ఇదే కారణం.

ఈ తగాదా ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడాలంటే బిగ్‌డేటా నేర్చుకునేవాళ్లకు బాగా ఎరుకైన ఉదాహరణ ఒకటుంది. హడూప్ 3 వేసి, దాని మీద హైవ్ 3.1.2 వేస్తారు. హైవ్‌ను మొదలుపెట్టగానే ‘నో సచ్ మెథడ్ ఎర్రర్’. గూగుల్‌వాళ్ల గ్వావా లైబ్రరీలో చెక్ ఆర్గ్యుమెంట్ అనే మెథడ్ లేదంటుంది. గ్వావా జార్ తెరిచి చూస్తే ఆ మెథడ్ నిక్షేపంగా ఉంటుంది! చాలామంది ఇక్కడే తల పట్టుకుంటారు.

కిటుకు ఇది. హైవ్ తన లిబ్ ఫోల్డర్‌లో గ్వావా 19ని తెచ్చుకుంటుంది. హడూప్ 3లో కొన్ని విడుదలలు గ్వావా 27తో కంపైలయ్యాయి. గ్వావా 19లో ఆ మెథడ్ చివర ఎన్ని విలువలిచ్చినా ఒక వరుసగా తీసుకుంటుంది. గ్వావా 20 నుంచి, ఒకే విలువ ఇచ్చే సందర్భానికి అదే పేరుతో విడిగా ఇంకో మెథడ్ చేర్చారు. ప్రతిసారీ ఒక వరుసను సృష్టించే శ్రమ తప్పుతుందని. కోడ్ రాసేవాడికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. కంపైలర్ మాత్రం కొత్తదాన్ని ఎంచుకుని, దాని పూర్తి చిరునామానే క్లాస్ ఫైల్లో రాసేస్తుంది. నడిచేటప్పుడు చేతికి పాత జార్ దొరికితే, పేరు ఉంటుంది, ఆ చిరునామా ఉండదు. వీధి సరిగ్గానే ఉండి ఇంటి నంబరు దొరకని పోస్ట్‌మ్యాన్ పరిస్థితి. హైవ్ లిబ్‌లోంచి గ్వావా 19ని తీసేసి హడూప్‌లోని 27ని కాపీ చేస్తే బండి కదులుతుంది.

కాబట్టి ‘నో సచ్ మెథడ్’ కనిపిస్తే కోడ్‌ను తిట్టుకోకుండా, లోపలికి వచ్చిన జార్ ఏ వెర్షనో చూడాలి. మేవెన్‌లో అందుకు డిపెండెన్సీ ట్రీ అనే కమాండ్ ఉంది. ఎవరు ఎవరి వెంట వచ్చారో కొమ్మలు కొమ్మలుగా గీసి చూపిస్తుంది. వెర్బోస్ అని జోడిస్తే, ఏ వెర్షన్‌ను ఎందుకు పక్కన పెట్టిందో కూడా చెబుతుంది. కారణం తెలిశాక కొందరు ఎక్స్‌క్లూజన్‌లు రాస్తారు, ఈ చుట్టం వెంట ఆ చుట్టం రాకూడదని. ఒకటి రెండయితే ఫరవాలేదు. పది చోట్ల రాస్తే ఆర్నెల్ల తర్వాత ఎవరిని ఎందుకు ఆపారో రాసినవాడికే గుర్తుండదు. డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ అనే విభాగంలో ‘ఈ లైబ్రరీ ఎవరు తెచ్చినా ఇదే వెర్షన్’ అని ఒక్కచోట రాయడం మేలు.

ప్రపంచమంతా ఒకేసారి ఈ ట్రీ కమాండ్ కొట్టిన రోజులున్నాయి. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో లాగ్‌ఫోర్‌షెల్ లోపం బయటపడింది. తీవ్రతలో పదికి పది. మైన్‌క్రాఫ్ట్ ఆటలో చాట్‌లో ఒక వాక్యం టైపు చేసి సర్వర్‌ను చేజిక్కించుకోవచ్చని తేలింది. లాగ్‌ఫోర్‌జే వాడుతున్నారా అని అడిగితే చాలామంది నిజాయితీగానే లేదన్నారు. వాళ్ల పామ్‌లో ఆ పేరు లేదు మరి. గూగుల్ బృందం తీసిన తొలి లెక్కలో, జావా లైబ్రరీలు నిల్వ ఉండే మేవెన్ సెంట్రల్‌లోని 35,000కు పైగా ప్యాకేజీలు, అంటే మొత్తంలో 8 శాతానికి మించి, ఆ లోపం బారిన పడ్డట్టు తేలింది. వాటిలో ఎక్కువ భాగానికి అది నేరుగా రాలేదు, మెట్లు మెట్లుగా దిగి వచ్చింది. సరిదిద్దిన వెర్షన్లు 2.15, 2.16, 2.17 అంటూ రోజుల తేడాతో వచ్చాయి. ఒకటి వేసి ఊపిరి పీల్చుకునేలోగా ఇంకొకటి.

రాయని డిఫాల్ట్‌లు, పిలవని లైబ్రరీల తర్వాత పాము దాగే మూడో పుట్ట సొంత కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఒకసారి తెచ్చిన లైబ్రరీలను మేవెన్ ఎంటూ అనే దాచిన ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. తేవడంలో ఓడిపోయినా ఆ ఓటమిని కూడా గుర్తుపెట్టుకుంటుంది, చివర ‘లాస్ట్ అప్‌డేటెడ్’ అని ఉండే చిన్న ఫైల్లో. హాస్టల్ వైఫై ఒక్క నిమిషం పోయిందనుకుందాం. అది తిరిగొచ్చాక కూడా మేవెన్ ‘ఇందాక దొరకలేదు కదా, గడువు దాకా మళ్లీ అడగను’ అని భీష్మించుకు కూర్చోవచ్చు. కమాండ్ చివర హైఫన్ పెట్టి పెద్ద అక్షరం యూ జోడిస్తే ఆ అలక తీరుతుంది. చాలామంది ఇది తెలియక ఎంటూ ఫోల్డర్ మొత్తాన్ని తుడిచేస్తారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. మొబైల్ డేటా మీద వందల ఎంబీలు మళ్లీ దించుకోవాలి. చెడిన లైబ్రరీ ఫోల్డర్ ఒక్కటి తీసేస్తే సరిపోయేది.

ఒక్కోసారి అడ్డు లైబ్రరీలు పంపే సర్వర్ వైపు నుంచి వస్తుంది. 2020 జనవరి 15 నుంచి మేవెన్ సెంట్రల్ పాత హెచ్‌టీటీపీ చిరునామాకు తలుపులు మూసేసింది. అప్పటిదాకా ఏళ్లుగా నడిచిన బిల్డ్‌లు ‘501’ అనే అంకెతో ఆగిపోయాయి. మరుసటి ఏడాది మేవెన్ 3.8.1 తనంతట తానే హెచ్‌టీటీపీ రిపాజిటరీలను అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఆఫీసుల్లో ఇంకో రకం. ‘పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్’ అని వస్తే లైబ్రరీ తప్పు కాదు. మధ్యలో ఉన్న కంపెనీ ప్రాక్సీ ఇచ్చిన సర్టిఫికెట్‌ను జావా నమ్మడం లేదని అర్థం. నెట్‌వర్క్ టీమ్ తలుపు తట్టాలి.

‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61’ వంటి గూఢలిపికి మాత్రం నోటిలెక్క ఉంది. ఆ అంకెలోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 61 అంటే 17, 52 అంటే 8. కొత్త జావాతో కంపైలైనదాన్ని, దాన్ని చదవలేని పాత జావా లేదా పాత టూల్ చేతిలో పెట్టారన్నమాట. ఎడిటర్‌లో నడిచి టెర్మినల్‌లో ఆగిపోతే, రెండూ రెండు జావాలు వాడుతున్నాయేమో చూడాలి. మేవెన్‌ను దాని వెర్షన్ అడిగితే తాను వాడుతున్న జావా ఏదో కూడా చెబుతుంది.

వాట్సాప్ గ్రూపుల్లో సాయం అడిగేవాళ్లు ఎక్కువగా పంపే ఫొటో, తెర అడుగున ఉండే నాలుగు లైన్లది. మరిన్ని వివరాలకు ఫలానా గుర్తుతో మళ్లీ నడపండి అనే మేవెన్ మామూలు పాట అది. ఏ జబ్బుకైనా అవే లైన్లు. వాటిని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. పైకి వెళ్లి మొట్టమొదటి ఎర్రర్ లైనును పట్టుకోవాలి. పెద్ద స్టాక్ ట్రేస్ అయితే అన్నిటికన్నా కింద ఉన్న ‘కాజ్డ్ బై’ దగ్గర మొదలుపెట్టాలి.

హాస్టల్ గదిలో ఆ అమ్మాయి రెండు లైన్లూ రాసి మళ్లీ కమాండ్ కొట్టింది. 5 మాయమైంది. ఈసారి వేరే ఎర్రర్. జావాఎక్స్ ఎక్స్‌ఎంఎల్ బైండ్ (జాక్స్‌బీ) అనే ప్యాకేజీ లేదట. 2006లో వచ్చిన జావా 6 నుంచి ఆ ప్యాకేజీ జేడీకే అనే జావా కిట్‌తో పాటే వచ్చేది, ఎవరూ పామ్‌లో రాసే అవసరం ఉండేది కాదు. 2018 సెప్టెంబరులో జావా 11 దాన్ని తీసేసింది.

“దీన్నీ రాయాలా అక్కా?”

“రాయి. జాక్స్‌బీ ఏపీఐ 2.3.1. రన్‌టైమ్ కూడా వేరే లైను రాయాలి, మర్చిపోకు. లేకపోతే కంపైలవుతుంది కానీ నడవదు.”