నాపాలో కొన్న వైన్ ఇంటికి వస్తుందా..? అమెరికాలో రాష్ట్రానికో రూల్.. తెలుగువాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి ఇవే!

కాలిఫోర్నియా టూర్‌కి వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది నాపా వ్యాలీ కూడా చూసొస్తారు. అక్కడ రుచి చూసిన వైన్ నచ్చితే ఓ అరడజను బాటిళ్లు ఇంటికి పంపమని అడుగుతారు. కౌంటర్‌లో ఉన్నవాళ్లు ముందు అడిగే ప్రశ్న ఒక్కటే.. "మీది ఏ రాష్ట్రం?" అని. డబ్బులు తీసుకునేది ఆ తర్వాతే. ఎందుకంటే ఆ బాక్స్ వెళ్లొచ్చా లేదా అన్నది చివరికి తేల్చేది పంపే రాష్ట్రం కాదు, బాక్స్ చేరే అడ్రస్ ఉన్న రాష్ట్రం.

మనవాళ్లకి ఇది కొత్తేం కాదు. తెలంగాణలో కొన్న బాటిళ్లు ఏపీ చెక్‌పోస్టులో పట్టుబడి కేసులైన వార్తలు ఎన్ని చూడలేదు! ఇండియాలో మద్యం రాష్ట్రాల చేతిలో ఉన్న సబ్జెక్ట్. అమెరికాలో కూడా దాదాపు అంతే.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే..

అమెరికాలో 1920లో దేశమంతా మద్య నిషేధం వచ్చింది. 1933లో 21వ రాజ్యాంగ సవరణతో దాన్ని ఎత్తేశారు. కానీ అదే సవరణలో ఓ మెలిక పెట్టారు. ఏ రాష్ట్రంలోకైనా అక్కడి చట్టానికి విరుద్ధంగా మద్యం తీసుకురావడం నిషేధం అన్నారు. దాంతో ఎవరి రూల్స్ వాళ్లు రాసుకున్నారు. తయారీదారు హోల్‌సేలర్‌కి అమ్మాలి, హోల్‌సేలర్ షాపుకి అమ్మాలి, షాపువాడు మనకి అమ్మాలి. ఈ మూడంచెల పద్ధతే చాలా చోట్ల ఇప్పటికీ నడుస్తోంది. వైనరీ నుంచి నేరుగా ఇంటికి పంపడం అంటే మధ్యలో ఇద్దరిని దాటేయడమే. హోల్‌సేలర్లు ఊరుకుంటారా మరి?

ఇక్కడే కొన్ని రాష్ట్రాలు ఓ తెలివైన పని చేశాయి. సొంత రాష్ట్రంలోని వైనరీలు ఇళ్లకు పంపుకోవచ్చు, బయట రాష్ట్రాల వైనరీలు మాత్రం పంపకూడదు అన్నాయి. దీనిపై వర్జీనియాలో చిన్న వైనరీ నడిపే జువానిటా స్వీడెన్‌బర్గ్ లాంటివాళ్లు కోర్టుకెక్కారు. 2005 మేలో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది. మిషిగన్, న్యూయార్క్ రాష్ట్రాల రూల్స్ చెల్లవని చెప్పింది. లోపలివాళ్లకి ఒక న్యాయం, బయటివాళ్లకి ఇంకో న్యాయం కుదరదన్నది ఆ తీర్పు సారాంశం.

అయితే ఈ తీర్పును చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఇంటికి వైన్ తెప్పించుకునే హక్కు అందరికీ వచ్చేసిందని అనుకుంటారు. కాదు. ఇస్తే అందరికీ ఇవ్వు, లేదంటే ఎవరికీ ఇవ్వకు అని మాత్రమే కోర్టు చెప్పింది. ఆ తర్వాత ఎక్కువ రాష్ట్రాలు పర్మిట్లు పెట్టి గేట్లు తెరిచాయి. యూటా మాత్రం ఇళ్లకు నేరుగా పంపడానికి ఒప్పుకోలేదు.

గేట్లు తెరిచినా.. షరతులు వర్తిస్తాయి

మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌నే తీసుకుందాం. ఒక వైనరీ ఒక కస్టమర్‌కి 30 రోజుల్లో 9 గ్యాలన్లకు మించి పంపకూడదు. అంటే సుమారు 45 బాటిళ్లు. ఏడాదికి పరిమితి 36 గ్యాలన్లు. మామూలు కుటుంబానికి ఇది ఎక్కువే! వర్జీనియాలో నెలకు 2 కేసులు, అంటే 24 బాటిళ్లు. న్యూజెర్సీ లెక్క ఇంకోలా ఉంది. 2012లో అనుమతి ఇచ్చినప్పుడు ఏడాదికి 2.5 లక్షల గ్యాలన్లకు మించి తయారుచేసే వైనరీలకు ఈ అవకాశం ఇవ్వలేదు. చిన్న వైనరీ బాటిల్ ఎడిసన్‌కి వచ్చేది, పెద్ద బ్రాండ్ బాటిల్ వచ్చేది కాదన్నమాట.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. ఈ అనుమతులు ఎక్కువగా వైనరీలకే. వేరే రాష్ట్రంలోని వైన్ షాపు నుంచి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే, చాలా రాష్ట్రాల్లో అది చెల్లదు. చౌకగా దొరుకుతోందని కార్ట్‌లో వేసుకుంటే చివర్లో అడ్రస్ దగ్గర ఆగిపోయేది అందుకే.

ఫ్రెండ్‌కి మీరే పార్సిల్ చేస్తే..?

ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. డల్లాస్‌లో గృహప్రవేశం, న్యూజెర్సీలో ఉన్న బావగారు ఓ బాటిల్ ప్యాక్ చేసి పంపేద్దాం అనుకుంటారు. కుదరదు. అమెరికా పోస్టల్ సర్వీస్‌లో మద్యం పంపడం నిషేధం. ఫెడెక్స్, యూపీఎస్ కూడా లైసెన్స్ ఉండి తమతో ఒప్పందం చేసుకున్న వ్యాపారుల దగ్గరే తీసుకుంటాయి, మామూలు వ్యక్తుల దగ్గర తీసుకోవు. బాక్స్‌పై "ఆలివ్ ఆయిల్" అని రాసి పంపితే లోపల బాటిల్ పగిలిన రోజు అసలు సంగతి బయటపడుతుంది. వీసాపై ఉన్నవాళ్లు అంత రిస్క్ తీసుకోవడం అవసరమా? పర్మిట్ ఉన్న వైనరీకే గిఫ్ట్ ఆర్డర్ పెట్టి ఫ్రెండ్ అడ్రస్ ఇస్తే సరిపోతుంది.

బాక్స్ వచ్చాక కూడా తలుపు దగ్గర పెట్టి వెళ్లిపోరు. 21 ఏళ్లు నిండినవాళ్లు ఐడీ చూపించి సంతకం పెట్టాలి. ఇంట్లో కాలేజీకి వెళ్లే 19 ఏళ్ల అబ్బాయి ఒక్కడే ఉంటే ఇవ్వరు. భార్యాభర్తలిద్దరూ ఆఫీసులకు వెళ్లే ఇళ్లలో రెండు మూడు సార్లు తిరిగి బాక్స్ వెనక్కి పోతుంది. అందుకే చాలామంది ఆఫీస్ అడ్రస్ ఇస్తారు, లేదంటే దగ్గర్లోని పికప్ సెంటర్ పెట్టుకుంటారు. ఎండాకాలంలో వేడికి వైన్ పాడవుతుందని కొన్ని వైనరీలు వాతావరణం చల్లబడేదాకా షిప్పింగ్ ఆపేస్తాయి కూడా. జూన్‌లో డబ్బు కట్టి సెప్టెంబర్ దాకా రాలేదంటే మోసపోయామని కంగారు పడక్కర్లేదు, ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక ఇండియాకి తిరిగొచ్చే అమ్మానాన్నల చేత పంపాలనుకుంటే, డ్యూటీ లేకుండా ఒక్కొక్కరు తెచ్చుకోగలిగేది 2 లీటర్లు. మామూలు సైజు బాటిళ్లయితే రెండు, చెక్-ఇన్ సూట్‌కేస్‌లో గట్టిగా చుట్టి పెట్టుకోవాలి.